ఖాళీ తొట్టితో తీర్పు ఇవ్వకండి: చెన్నై నుంచి రాపూరుకు ఒక కొత్త వీ-క్రాస్ పికప్

నేను చెన్నై అంబత్తూరులో ఫోర్ బై ఫోర్ బండ్ల, అంటే నాలుగు చక్రాలూ లాగే బండ్ల, కింది భాగం పనులు చేస్తాను. కమాన్ కట్టలు, కుదుపును ఆపే షాకులు, ఇరుసుల హౌసింగ్‌లు, ట్రాన్స్‌ఫర్ కేసులు, ఇవీ నా దగ్గరికి వచ్చేవి. ఈ మధ్య పాత బండ్లతో పాటు కొత్త బండ్లు కూడా వస్తున్నాయి. కొన్నవాళ్లకు మొదటి వారంలోనే ఏదో అనుమానం పుడుతుంది. షోరూంలో అడిగితే "అన్నీ అట్లాగే ఉంటాయి సార్" అంటారు, బయట షాపులో అడిగితే ఏదో ఒకటి విప్పుదాం అంటారు. ఈ కేసు అలా నలిగిపోయిన ఒక కుటుంబానిది. పికప్ కొనే తెలుగువాళ్లు పెరుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. కుటుంబం అనుమతి ఇచ్చింది, పేర్లు మాత్రం రాయడం లేదు.

తండ్రికి నెల్లూరు జిల్లా రాపూరు దగ్గర నిమ్మతోట ఉంది. కొడుకు షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. తోటకు వెళ్లే దారిలో ఒక వాగు అడ్డం. ఎండాకాలం ఇసుక, వానాకాలం నీళ్లు. కాయలు గూడూరు మార్కెట్‌కి తోలాలి, కాలిన మోటారు రివైండింగ్‌కి తీసుకెళ్లాలి, డ్రిప్ పైపులు మోయాలి, అమ్మను చెన్నైలో డాక్టరుకి చూపించాలి. ఈ పనులన్నిటికీ ఒకే బండి కావాలన్నది వాళ్ల కోరిక. థార్ చూశారు, వెనక సరుకు వేసే తొట్టి లేదు. మామూలు సరుకు పికప్‌లో వెనక సీటు లేదు. టొయోటా హైలక్స్ 2.8 లీటర్ల ఇంజన్, 204 పీఎస్ బలం చూసి ముచ్చటపడ్డారు కానీ ధర దగ్గర ఆగారు. చివరికి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, ఫోర్ బై ఫోర్, మాన్యువల్ గేర్లు ఉన్నది తీసుకున్నారు. 1.9 లీటర్ల డీజిల్, 163 పీఎస్, 360 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం. పెద్దాయనకు నచ్చిన కారణం ఇంకొకటి ఉంది. ఈ బండి తయారయ్యేది తడ పక్కన శ్రీసిటీలో. ఆ ఫ్యాక్టరీ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. "మన గడ్డ మీద చేసిందే కదా నాయనా" అన్నాడు నాతో, గర్వంగా.

డెలివరీ తీసుకున్నాక కొడుకు బండిని కొన్నాళ్లు చెన్నైలో తిప్పాడు. అపార్ట్‌మెంట్, ఆఫీసు, ఈసీఆర్ మీద మహాబలిపురం దాకా ఒకసారి. ఆ తిరుగుడులోనే అమ్మకు నడుం పట్టేసింది. ఒక స్ప్రింగుల షాపు వాళ్లు చూసి, వెనక స్ప్రింగుగా పనిచేసే కమాన్ కట్టలో ఒక ఉక్కు పట్టీ తీసేస్తే సర్దుకుంటుందన్నారు. తీయించే ముందు ఇంకొకరికి చూపిద్దామని నా దగ్గరికి తెచ్చారు. ఆ జాగ్రత్త చాలా మంచిదైంది.

వాళ్లు చెప్పినవి

ఇలాంటి కేసుల్లో నేను మొదట చేసే పని, బండి మీద చెయ్యి వేయకుండా వినడం. తండ్రీ కొడుకులను విడివిడిగా అడిగాను. వెనక సీట్లో కూర్చున్న అమ్మను ప్రత్యేకంగా అడిగాను, ఎందుకంటే పికప్ గురించి నిజం చెప్పేది వెనక సీటే.

అమ్మ మాట: "స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు బాగానే ఉండాది. దాటినాక ఎనకమాల ఎగిరి తంతాది." కొడుకు మాటలు మూడు. పార్కింగ్‌లో ఫోర్ బై ఫోర్ వేసి చూస్తే స్టీరింగ్ బిగుసుకుపోయింది, కిందనుంచి గరగర శబ్దం వచ్చింది, నాబ్ మళ్లీ టూ-హెచ్‌కి, అంటే రెండు చక్రాలే లాగే స్థితికి, తిప్పినా డ్యాష్‌లో ఫోర్ బై ఫోర్ గుర్తు వెంటనే పోలేదు. ఒకరోజు ఆఫీసుకు వచ్చి బండి ఆపితే కాలిన వాసన, ఫ్యాను హోరు. డీజిల్ మాత్రం నీళ్లలా తాగుతోంది. గేర్‌బాక్సు పోయిందని, ఇంజన్ వేడెక్కిందని అతని టెన్షన్. రాత్రి నిద్ర పట్టడం లేదన్నాడు.

పెద్దాయన ఒకటే అడిగాడు: "ఇది తోటకి పనికొస్తాదా, రాదా?"

ఈ ఫిర్యాదుల్లో ఏదీ అబద్ధం కాదు. వాళ్లు అనుభవించిందే చెప్పారు. అయితే అనుభవం ఒకటి, దాని కారణం ఇంకొకటి. కారణం తేలేదాకా స్పానర్ ముట్టకూడదు.

మొదట గాలి

బండి రాత్రంతా మా షెడ్డులోనే ఉంది. పొద్దున ఎండ తగలకముందే టైర్ల గాలి చూశాను. డ్రైవరు తలుపు దగ్గర స్తంభం మీద అతికించిన స్టిక్కర్‌లో ఖాళీ బండికి ఎంత, నిండు లోడుకి ఎంత అని ఉంటుంది. నాలుగు చక్రాల్లోనూ ఖాళీ బండికి రాసినదానికంటే 9, 10 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువగా ఉంది.

ఇదేమీ వింత కాదు. కొత్త బండ్లు యార్డులో రోజుల తరబడి ఒకేచోట నిలబడతాయి. టైరు అడుగు చదునుగా అణగిపోకుండా గాలి ఎక్కువ పట్టి ఉంచుతారు. డెలివరీకి ముందు దాన్ని తగ్గించాలి. ఇక్కడ ఆ పని జరగలేదు. కొడుకు మధ్యలో పెట్రోల్ బంకులో ఒకసారి గాలి చూపించాడట, అదీ మధ్యాహ్నం ఎండలో, హైవే దిగిన వెంటనే. వేడెక్కిన టైరు కొలత నమ్మడానికి లేదు. ఉష్ణోగ్రత సుమారు 5, 6 డిగ్రీలు పెరిగితే టైరులో ఒక పీఎస్‌ఐ దాకా పెరుగుతుంది. చెన్నై రోడ్డు మీద నడిచిన టైరుకు ఆ తేడా ఇంకా ఎక్కువ. అందుకే గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలని పట్టుబడతాను.

స్టిక్కర్ ప్రకారం సరిచేసి, అంబత్తూరు ఎస్టేట్ లోపలి రోడ్ల మీద అమ్మను అదే సీట్లో కూర్చోబెట్టి తిప్పాను. "సగం తగ్గింది" అంది. నాకు కావలసింది ఆ మాటే. తగ్గిన సగం గాలిది. మిగిలిన సగం ఎక్కడిదో వెతకాలి.

పట్టీ తీసేయడం ఎందుకు తప్పు

పికప్‌కు వెనక ఉండేది కమాన్ కట్ట, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. కార్లలో ఉండే కాయిల్ స్ప్రింగు కాదు. ఆ పట్టీల గట్టిదనం తొట్టి నిండుగా ఉన్నప్పుడు కూడా బండి కూర్చుండిపోకుండా ఉండేలా లెక్కవేసి పెట్టింది. తొట్టి ఖాళీగా ఉంటే అదే గట్టిదనం మీద బరువు తక్కువ. గుంత తగిలితే పట్టీ వంగదు, వంగినా వెంటనే తిరిగి కొడుతుంది. "దాటినాక తంతాది" అని అమ్మ చెప్పిన మాటలో మొత్తం మెకానిక్స్ ఉంది. పట్టీ తిరిగి లేచేటప్పుడు ఆపవలసిన షాకు, ఇంత తక్కువ బరువు మీద దాన్ని పూర్తిగా పట్టలేదు. దానికి తోడు కొత్త కట్టలో పట్టీల మధ్య రాపిడి ఎక్కువగా ఉంటుంది. నడిచేకొద్దీ అవి కొంత సర్దుకుంటాయి.

ఒక పట్టీ తీసేస్తే ఖాళీ బండి మెత్తబడుతుంది, నిజమే. కానీ ఆ తరువాత నిమ్మకాయల బస్తాలు వేసినరోజు వెనక కుంగుతుంది. మిగిలిన పట్టీల మీద ఒత్తిడి పెరిగి అలసిపోతాయి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే, ఇసుకలో లో గేర్‌లో లాగితే, హౌసింగ్ తన ఇరుసు చుట్టూ మెలి తిరగాలని చూస్తుంది, దాన్ని పట్టి ఉంచేది కూడా ఆ పట్టీలే. వారంటీ మాట సరేసరి. కొత్త బండి కట్ట విప్పమని సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. అది పదినిమిషాల పని, ఆ తరువాత వచ్చేవి ఏళ్ల తరబడి ఉండే కష్టాలు.

బండిని లేపి మొత్తం చూశాను. కట్టను ఇరుసుకు బిగించే యూ-బోల్టులు, షాకుల రబ్బరు బుష్‌లు, షాకుల్లో లీకు, పట్టీల మధ్య బోల్టు, ముందు వైపు బాల్ జాయింట్లు. ఏ లోపమూ లేదు. ఇక మిగిలింది ఒకటే పరీక్ష, బరువు. ఇసుక బస్తాలు కట్టి, సుమారు 120 కిలోలు, తొట్టిలో క్యాబిన్ గోడకు ఆనించి పెట్టాను. బెల్టులతో నాలుగు వైపులా బిగించాను. ఎక్కడ పెట్టామన్నది చాలా ముఖ్యం. వెనక ఇరుసుకు ముందు పెడితే బరువు నాలుగు చక్రాలకూ పంచుకుంటుంది. ఇరుసు దాటి టెయిల్‌గేట్ వైపు పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ వదులవుతుంది. విడిగా పడేసిన బస్తా గట్టి బ్రేకుకు జారి వచ్చి క్యాబిన్‌ను గుద్దుతుంది, కాబట్టి కట్టకుండా వేయకూడదు.

ఈసారి అమ్మ ఏమీ అనలేదు. కాసేపటికి నిద్రపోయింది.

పార్కింగ్‌లో వచ్చిన గరగర

గేర్‌బాక్సు పోయిందన్న భయం తీర్చడానికి మా షెడ్డు ముందున్న సిమెంటు నేల సరిపోయింది. వీ-క్రాస్‌లో ఉండేది పార్ట్-టైమ్ ఫోర్ బై ఫోర్. టూ-హెచ్‌లో వెనక చక్రాలే లాగుతాయి. ఫోర్-హెచ్ వేస్తే ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకదానికొకటి బిగుసుకుని ఒకే వేగంతో తిరుగుతాయి. మధ్యలో తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు.

బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద వంపు తిరుగుతాయి, వెనక చక్రాలు చిన్న వంపు. బండి పొడవయ్యేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. ఈ బండికి రెండు ఇరుసుల మధ్య దూరం దాదాపు 3.1 మీటర్లు. ఇసుకలోనో బురదలోనో అయితే టైరు కొంచెం జారి ఆ తేడాను వదిలించుకుంటుంది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నున్నటి కాంక్రీటు మీద జారలేదు. దాంతో షాఫ్టులు మెలిపడి బిగుసుకుంటాయి, టైర్లు గీరుకుంటాయి, స్టీరింగ్ తిరగనంటుంది. ఆ మెలి వదలేదాకా టూ-హెచ్‌కి తిప్పినా లోపలి గేరు పళ్లు విడిపోవు. గుర్తు పోకపోవడానికి కారణం అదే. స్టీరింగ్ నిటారుగా పెట్టి కొంచెం వెనక్కి, కొంచెం ముందుకి కదిపితే వదిలేస్తుంది. కొడుకు చేతనే చేయించాను. గుర్తు పోయింది, అతని ముఖం తేటపడింది.

"తమ్ముడూ, గట్టి తారు మీద, సిమెంటు మీద ఫోర్-హెచ్ వేసి మలుపు తిప్పొద్దు. చక్రం జారే నేల ఉంటేనే వెయ్యి," అని చెప్పాను. ఫోర్-ఎల్, అంటే నాలుగు చక్రాలూ మెల్లగా, ఎక్కువ బలంతో లాగే లో గేరు, వేయాలంటే బండి పూర్తిగా ఆగాలి, న్యూట్రల్‌లో ఉండాలి, నాబ్ తిప్పి గుర్తు నిలకడగా వెలిగేదాకా ఓపిక పట్టాలి. షోరూంలో ఈ ముక్కలు చెప్పడానికి పావుగంట చాలు. అది చెప్పకపోవడం వల్ల ఒక కుర్రాడు నిద్ర పోగొట్టుకున్నాడు.

కాలిన వాసన సంగతి

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 అనే కాలుష్య నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధనల ప్రకారం వచ్చే డీజిల్ బండ్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే ఒక ఫిల్టరు ఉంటుంది. అందరూ డీపీఎఫ్ అంటారు. మసి నిండాక బండి తనంతట తానే కొంచెం ఎక్కువ డీజిల్ వాడి, ఆ ఫిల్టరును బాగా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. దానినే రీజెనరేషన్ అంటాం. అది జరుగుతుండగా ఇంజన్ ఆపితే కాలిన వాసన వస్తుంది, ఫ్యాను హోరుమంటుంది. చెన్నై ఓఎంఆర్ రోడ్డు ట్రాఫిక్‌లో మొదటి గేరు, రెండో గేరులో పాకుతూ తిరిగిన కొత్త బండికి ఇది జరగడంలో ఆశ్చర్యం లేదు. డీజిల్ ఎక్కువ తాగడానికి కూడా కొంత కారణం ఇదే. మిగిలిన కారణం ట్రాఫిక్, పైగా కొత్త ఇంజన్.

తోటకు సంబంధించి ఇదే నాకు నిజంగా ఆలోచించాల్సిన విషయమైంది. ఊళ్లో ఈ బండి ఇంటినుంచి తోటకు, తోటనుంచి ఇంటికి, నాలుగైదు కిలోమీటర్లు మెల్లగా తిరిగితే ఫిల్టరు కాల్చుకునే అవకాశమే దొరకదు. మసి పేరుకుంటుంది, చివరికి హెచ్చరిక లైటు వెలుగుతుంది, బండి బలం తగ్గించుకుంటుంది. అందుకే పెద్దాయనకు గట్టిగా చెప్పాను: "బాబాయ్, గూడూరు మార్కెట్‌కి పోయినప్పుడల్లా హైవే మీద ఒకే వేగంతో కొంతదూరం పోనివ్వండి. మధ్యలో ఈ ఫిల్టరు లైటు వెలిగితే ఇంజన్ ఆపొద్దు." తోట షెడ్డులో డ్రమ్ములో నిలవ ఉంచిన డీజిల్ ఈ బండికి పోయొద్దని కూడా చెప్పాను. బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకి, అంటే పది లక్షల్లో పది భాగాలకు, మించకూడదు, బీఎస్-4 కాలంలో అది 50. ఈ ఫిల్టర్లు బతికేది ఆ శుభ్రమైన డీజిల్ మీదే. డ్రమ్ములో నీరు చేరుతుంది, దుమ్ము చేరుతుంది. ట్రాక్టర్ ఓర్చుకుంటుంది, ఇది ఓర్చుకోదు.

రాపూరు దారిలో

నేను కూడా వెళ్లాను. ఫిర్యాదులకు వివరణ ఇచ్చినంత మాత్రాన కేసు మూసినట్టు కాదు, బండి ఏ పనికి కొన్నారో ఆ పని మీద పరీక్షించాలి. కొడుకు డ్రైవింగ్, నేను పక్కన, పెద్దాయన, అమ్మ వెనక. ఇసుక బస్తాలు తొట్టిలోనే ఉన్నాయి.

రెడ్‌హిల్స్ దాటి నేషనల్ హైవే 16 ఎక్కాం. పాతవాళ్లు ఇంకా ఐదో నంబరు హైవే అనే అంటారు. ఆరంబాక్కంలో తమిళనాడు దాటకముందే ట్యాంకు నింపించాం, ఆంధ్రలో డీజిల్ ధర ఎక్కువ కాబట్టి. కొత్త ఇంజన్‌కు నేను చెప్పేది ఒకటే: మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే వేగం పట్టుకుని గంటల తరబడి పోవద్దు, పెద్ద గేరులో తక్కువ తిరుగుళ్ల మీద గట్టిగా తొక్కొద్దు, చివరిదాకా లాగొద్దు. 70 నుంచి 90 మధ్య మారుస్తూ నడిపించాను. ఆ వేగంలో ఈ బండి చాలా నెమ్మదస్తుడు. ఇంజన్ శబ్దం క్యాబిన్‌లోకి వస్తుంది, లారీ వాసన ఉన్న శబ్దమే, కానీ టార్క్ నిమిషానికి 2000 తిరుగుళ్ల నుంచే దొరుకుతుంది కాబట్టి లారీలను దాటడానికి మాటిమాటికీ గేరు తగ్గించనక్కర్లేదు. పక్కగాలి కొడితే ఎత్తు బండి కాబట్టి కొంచెం ఊగుతుంది. బ్రేకు పెడల్ కారుకంటే కొంచెం ముందుగా నొక్కాలి, రెండు టన్నుల దరిదాపుల్లో ఉన్న బండి అని కాలు గుర్తుపెట్టుకోవాలి.

టోల్ దగ్గర ఒక చిక్కు వచ్చింది. తొట్టి చూసి సరుకు బండి అనుకుని ఎక్కువ తరగతి ఛార్జీ పడబోయింది. వీ-క్రాస్ తెల్ల బోర్డు మీద సొంత వాహనంగా రిజిస్టర్ అవుతుంది. ఫాస్టాగ్‌లో కారు, జీపుల తరగతి 4, చిన్న సరుకు బండ్లది 5. ట్యాగ్ ఇచ్చేటప్పుడే 4 అని పడిందో లేదో చూసుకోవాలి. మా దగ్గర కాగితాలన్నీ ఉన్నాయి కాబట్టి మాట్లాడి సరిచేయించాం. పెద్దాయన పేరు మీద ఆంధ్రలో రిజిస్టర్ చేయించాలని ముందే అనుకున్నారు, అందుకని తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద వెళ్తున్నాం. లైఫ్ ట్యాక్స్ అక్కడే కట్టాలి. ఫారం 21 (అమ్మకం పత్రం), ఫారం 22 (బండి రోడ్డుకు తగినదన్న పత్రం), ఇన్సూరెన్సు, ఈ మూడూ అసలువి చేతిలో లేకుండా రాష్ట్రం దాటొద్దని చెబుతాను. తెల్ల బోర్డు మీద కిరాయి సరుకు తోలకూడదన్నది కూడా ఆయనకు అర్థమయ్యేలా చెప్పాను. పక్క తోటల వాళ్లు అడుగుతారు, అడిగినప్పుడు కాదనడం కష్టం.

తడ దగ్గర శ్రీసిటీ మలుపు వచ్చినప్పుడు పెద్దాయన కిటికీ దించి అటే చూస్తూ ఉన్నాడు. సూళ్లూరుపేట, నాయుడుపేట దాటి గూడూరులో భోజనం చేశాం. అక్కడినుంచి రాపూరు రోడ్డు హైవేలా ఉండదు. అతుకులు, గుంతలు, వానకు కోసుకుపోయిన అంచులు. చెన్నైలో అమ్మకు నడుం పట్టింది ఇంతకంటే మంచి రోడ్ల మీదే. ఇక్కడ ఆమె కబుర్లు చెబుతూ కూర్చుంది. నాకు అంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు, అయినా మరునాడు బస్తాలు దించేసి అదే రోడ్డు మీద ఖాళీగా తిప్పి చూశాను. కుదుపు మళ్లీ వచ్చింది, కానీ గాలి సరిగా ఉంది కాబట్టి మొదటిరోజుల తన్నుడు కాదు.

వాగు

తోటకు పోయే బండి బాట వాగును అడ్డంగా దాటుతుంది. మేము వెళ్లినప్పుడు నీళ్లు లేవు, ముతక ఇసుక మోకాలిలోతు. పాత జీపుతో ఎప్పుడూ పరుగెత్తించి దాటేవాడట పెద్దాయన. రెండు టన్నుల బండితో ఆ పద్ధతి పనికిరాదు.

ముందుగా దిగి నడిచాం. ఎక్కడ ఇసుక గట్టిగా ఉంది, ఎక్కడ కూరుకుంటోంది, అవతల గట్టు ఎంత ఏటవాలు అన్నది కాళ్లతో తెలుసుకోవాలి. తరువాత నాలుగు టైర్లలోనూ గాలి 20 పీఎస్‌ఐకి దించాం. గాలి తగ్గితే టైరు పొడవుగా పరుచుకుంటుంది, ఇసుకను కోయకుండా దాని మీద తేలుతుంది. ఫోర్-ఎల్, రెండో గేరు, ఒకే కాలు బరువు, బ్రేకు ముట్టొద్దు, మధ్యలో గేరు మార్చొద్దు. కొడుకు మొదటిసారి సగం దాకా వెళ్లి భయపడి కాలు తీసేశాడు. బండి ఆగింది. చాలామంది అక్కడే తప్పు చేస్తారు, ఆగిన చోటే యాక్సిలరేటర్ తొక్కి చక్రాలను పాతిపెట్టుకుంటారు. చక్రం తిరుగుతూ బండి కదలకపోతే తక్షణం ఆపేయాలి. అతన్ని దింపి, చక్రాల ముందు పేరుకున్న ఇసుకను చేతులతో తీయించి, వచ్చిన గాడిలోనే వెనక్కి రప్పించాను. రెండోసారి ఆగకుండా దాటాడు. తరువాత పెద్దాయన కూర్చున్నాడు. తనకు అలవాటైన జీపులా పరుగెత్తిస్తాడేమో అనుకున్నాను, లేదు, చెప్పినట్టే మెల్లగా తీసుకెళ్లాడు.

అవతల గట్టు ఎక్కేటప్పుడు ఒక విషయం తేలింది. ఈ బండి ముందు ముక్కు సులువుగానే ఎక్కుతుంది. ఇబ్బంది నడుం దగ్గర, తోక దగ్గర. 5.3 మీటర్ల పొడవు, ఇరుసుల మధ్య అంత దూరం ఉన్నప్పుడు కోసుగా ఉన్న గట్టు మీద పొట్ట ఆనుతుంది, దిగేటప్పుడు వెనక బంపర్ గీసుకుంటుంది. తోట లోపల కాలువ కట్ట దాటే చోట కూలీలతో రెండువైపులా మట్టి పోయించి ఏటవాలు తగ్గించాం. బండిని ఎత్తు చేయడంకంటే కాలువ కట్ట ఏటవాలు తగ్గించడం చవక.

దాటాక, రోడ్డెక్కే ముందు, చిన్న కంప్రెసర్‌తో గాలి తిరిగి స్టిక్కర్ లెక్కకు నింపాం. 20 పీఎస్‌ఐ మీద తారు రోడ్డుపై వేగంగా పోతే టైరు గోడలు వేడెక్కి పగిలిపోతాయి. కంప్రెసర్ లేకుండా గాలి తీయొద్దని ఆ తండ్రీ కొడుకులిద్దరికీ చెప్పాను. కూరుకుపోయిన బండిని ట్రాక్టరుతో లాగాల్సి వస్తే తాడు బంపరుకు గానీ కమాన్ కట్టకు గానీ తగిలించకూడదు, ఛాసిస్‌కు బిగించిన కొక్కానికే తగిలించాలి. ఇనుప గొలుసు తెగితే మనిషి ప్రాణం పోతుంది.

ఆ సాయంత్రం రాపూరు–చిట్వేలి ఘాట్ మీద కొంతదూరం ఎక్కి దిగాం. దిగేటప్పుడు మూడో గేరులో ఉంచి ఇంజన్ పట్టు మీదే రమ్మన్నాను, బ్రేకు అక్కడక్కడా మాత్రమే. వెలుగొండల మలుపుల్లో బండి పొడవు తెలుస్తుంది, స్టీరింగ్ రెండు చేతుల పని. అయినా ఒకసారి కూడా పట్టు తప్పుతున్నట్టు అనిపించలేదు. బరువు వేసిన బండికి ముక్కు లేచి ఎదుటివాళ్ల కళ్లలో లైటు పడుతుంది, చీకటి పడకముందే హెడ్‌లైట్ ఎత్తు దించాం.

లోడు లెక్క

తోటలో బస్తాలు వేసే ముందు పెద్దాయనతో కూర్చుని ఒక లెక్క వేశాను. పికప్ యజమానులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఆర్‌సీ మీద, బండి ప్లేటు మీద మొత్తం బరువు ఎంత ఉండొచ్చో ఉంటుంది, ఖాళీ బరువు ఉంటుంది. రెండోది మొదటిదానిలోంచి తీసేస్తే వచ్చేది తొట్టికి ఒక్కదానికే కాదు, లోపల కూర్చున్న మనుషులకు కూడా కలిపి. సగటున 65 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కితే 325 కిలోలు అప్పుడే అయిపోయినట్టు. "అయితే మార్కెట్‌కి పోయేటప్పుడు నేనూ డ్రైవరూ చాలు" అన్నాడు. సరిగ్గా అదే. కుటుంబం అంతా ఎక్కినరోజు తొట్టిలో సామాన్లు తక్కువ, కాయలు వేసినరోజు మనుషులు తక్కువ.

లోడు వేసినప్పుడు వెనక టైర్లలో స్టిక్కర్ చెప్పినట్టు గాలి పెంచాలి, దించాక మళ్లీ తగ్గించాలి. బద్ధకించకుండా చేస్తే ఈ కుటుంబానికి ఆ కుదుపు ఫిర్యాదు మళ్లీ రాదు. ఖాళీగా చెన్నై వచ్చేటప్పుడు ఆ ఇసుక బస్తాలే క్యాబిన్ వెనక కట్టుకుని రమ్మన్నాను.

ఇంకొక చిన్న పని చేయించాను. స్పేర్ టైరు తొట్టి కింద వేలాడుతూ ఉంటుంది, రాడ్డు దూర్చి తిప్పితే దిగుతుంది. కొడుకు చేత ఇంటి ముందు ఒకసారి దింపించి ఎక్కించాను. స్పేర్‌లో కూడా గాలి చూశాం.

ఫలితం, ఆ తరువాత

వెయ్యి కిలోమీటర్లు దాటాక బండి మా షెడ్డుకి వచ్చింది. లోడు మీద నడిచిన కొత్త కమాన్ కట్ట సర్దుకుంటుంది, యూ-బోల్టులు కొంచెం వదులవడం సహజం. టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన లెక్కకు బిగించాను. వీల్ అలైన్‌మెంట్ చూశాను, మార్చాల్సిన అవసరం రాలేదు. కాలిన వాసన మళ్లీ రాలేదన్నారు. మైలేజీ హైవే మీద, నిండు ట్యాంకు నుంచి నిండు ట్యాంకు దాకా లెక్క కట్టి చూస్తే లీటరుకు 12 దగ్గర వచ్చిందట. ఇంత బండికి అది న్యాయమే. చెన్నై అపార్ట్‌మెంట్ పార్కింగ్ సమస్య మాత్రం తీరలేదు, తీరదు కూడా. గడి పొడవు 5 మీటర్లు, బండి అంతకంటే పొడవు. అందుకే బండి రాపూరులోనే ఉంటుంది, కొడుకు రైలెక్కి గూడూరులో దిగుతున్నాడు.

పెద్దాయన తన ప్రశ్నకు జవాబు తానే చెప్పుకున్నాడు. ఈ కాపులో నిమ్మకాయలు ఆ బండి మీదే గూడూరు వెళ్లాయి.

కొడుకుకు ఇంకా కోరికలున్నాయి. బండిని ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, ముందు ఇనుప బుల్ బార్, పెద్ద టైర్లు. మూడింటికీ వద్దన్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన కొలతలు మార్చకూడదు, సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్ని మళ్లీ స్పష్టం చేసింది. బుల్ బార్లను ఆపమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అవి గుద్దుకున్నప్పుడు పాదచారికి ప్రాణాంతకం, ముందుభాగం నలిగి లోపలివాళ్లను కాపాడే పద్ధతిని కూడా చెడగొడతాయి. ఆ డబ్బుతో తొట్టికి మంచి లైనర్, టార్పాలిన్, బిగించే బెల్టులు, గేజ్ ఉన్న కంప్రెసర్, ఒక పార కొనమన్నాను. కంప్రెసర్, బెల్టులు కొన్నారు. లైనర్ సంగతి పెద్దాయన వచ్చే కాపు డబ్బు చేతికొచ్చాక చూద్దామన్నాడు, వానలు మొదలయ్యేలోపు వేయించమని నేను అడుగుతూనే ఉన్నాను.